మా వదిన పేరు మీది డాలర్లు

మా వదిన కలొలైనే గురించి మంచి మాట చెప్పమంటే నాకు కాస్త సమయం పడుతుంది. ముప్పై ఏళ్లు ఆవిడ పెత్తనం కింద బతికినదాన్ని. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన మా టాంగావాళ్లలో అన్నదమ్ముల ఇళ్లకు ఆడపడుచే మహారాణి. వాళ్ల పిల్లలకు మేనత్తను మించిన మనిషి భూమ్మీద ఉండదు. పెళ్లయినా చావయినా ఆవిడ ముందువరసలో చాప మీద కూర్చుంటుంది, కోడలినైన నేను వెనకాల వంటపాకలో దుంపలు చెక్కుతుంటాను. ఆవిడ మా ఇంటికొచ్చి "ఈ దుప్పటి బాగుందే" అందంటే ఇక ఆ దుప్పటి మాది కాదు, మడతపెట్టి చేతికివ్వాలి. అలా నావి రెండు దుప్పట్లు, ఒక కుట్టుమిషను, ముద్దుగా పెంచుకున్న పంది పోయాయి. ఇలా అన్నిటి మీదా హక్కున్న మేనత్తను మావాళ్లు ఫాహు అంటారు. ఆవిడ అడిగితే కాదనకూడదు, ఆవిడ తీసుకుంటే లెక్క అడగకూడదు.

ఆవిడ ఆస్ట్రేలియాలోని ఈ రాబిన్‌వేల్‌కి వచ్చినప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. భర్త అప్పటికే పోయాడు, పిల్లలు లేరు. నది ఒడ్డున ద్రాక్షతోటల్లో కోతకు కుదిరింది. రెండేళ్లకు తమ్ముణ్ని, అంటే మా ఆయన ఫెలెటిని, నన్నూ రప్పించింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు చుట్టాలంతా దిగారు. మొదటి ఆరు నెలలు అందరం ఆవిడ అద్దె గదుల్లోనే పడుకున్నాం. కోతలయ్యాక ప్యాకింగ్ షెడ్డులో నిలబడి గుత్తులు సర్దే పని పట్టింది. ఆ జీతంతోనే రెండు గదుల చెక్క ఇల్లు కొని, పంతొమ్మిదేళ్లు కంతులు కట్టి, 2020లో అప్పు తీర్చేసింది. ఆ రోజు పందిని కాల్చి ఊరంతటికీ పెట్టింది. పంది మాదే అనుకోండి.

ఆవిడకొక జబ్బుంది. చేతిలో డబ్బు నిలవదు. ఎవరింట్లోనో చావు, ఎవరి కారుకో రిజిస్ట్రేషను, చర్చికి కొత్త మైకు, ఏదో ఒకటి చెప్పుకుని జనం వస్తారు. అన్నీ తీసుకునే మనిషి అడిగినవాళ్లకు లేదంటే పరువేం కాను? బ్యాంకు కార్డు తీసి ఇచ్చేస్తుంది.

2022 జనవరిలో మా దీవుల్లో అగ్నిపర్వతం పేలి సముద్రం మీదికొచ్చింది. పడమటి కొసన ఉన్న మా అత్తగారిల్లు పునాదితో సహా పోయింది. మా మరిది పిల్లలతో టార్పాలిన్ కింద ఉన్నాడు. ఇల్లు మళ్లీ కట్టాలని ఇక్కడున్న పన్నెండు మందిమీ అనుకున్నాం. పన్నెండో మనిషి వదినే. రెండు వారాలకోసారి జీతాలు వస్తాయి కాబట్టి, ఆ శుక్రవారాల్లో ఎవరికి తోచింది వాళ్లు కవర్లో పెట్టి ఆవిడకివ్వాలి. అయితే అది ఆవిడ దగ్గర నిలిచేదెలా?

మా పెద్దవాడు కిటియోనె దారి చూపించాడు. బాదం ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు, ముప్పై ఏళ్లవాడు. అయినా మేనత్త ముందు తలెత్తడు. ఆ రోజూ నేల వైపు చూస్తూనే మాట్లాడాడు.

"అత్తా, స్టేబుల్ కాయిన్ అని ఒకటుంది. ఫోన్లో ఉంటుంది. ఒక కాయిన్ అంటే ఒక అమెరికా డాలరు. పెరగదు, తరగదు."

"బ్యాంకులో ఉంటే దానికేం రోగం?"

"బ్యాంకులో ఉంటే నువ్వు ఇచ్చేస్తావత్తా."

మేనత్తతో అలా మాట్లాడితే మావాళ్లలో చెంప పగులుతుంది. ఆవిడ ఒక నిమిషం వాణ్ని చూసి, కడుపు పట్టుకుని నవ్వింది.

"నిజమేరా. ఫోన్లో వేసెయ్. తియ్యడం మాత్రం నాకు నేర్పకు."

అప్పట్నుంచీ ఎవరొచ్చి చెయ్యి చాచినా ఆవిడది ఒకటే పాట. "అయ్యో, అంతా ఫోన్లో ఉందమ్మా, నాకు తీయడం చేతకాదు." ఆవిడ జన్మలో ఎవరికైనా లేదని చెప్పగలిగింది ఆ తొమ్మిది నెలలే.

ఖాతా ఎవరి పేరు మీద తెరవాలన్న ప్రశ్న పుట్టనే లేదు. మేనత్త ఉండగా ఇంకొకరి పేరు పెడితే ఆవిడ మొహాన ఉమ్మినట్టే. ఆవిడ డ్రైవింగ్ లైసెన్సు ఫొటో తీసి కిటియోనె తెరిచాడు. కవర్ల మీద మేం పేర్లు రాయలేదు. ఎంత వేశామో చెప్పలేదు. ఆవిడా మా ముందు విప్పి చూడలేదు. మేనత్తకిచ్చేదానికి లెక్క రాయడం మాకు బూతు. శనివారం ఆవిడ ఆ నోట్లన్నీ కలిపి తన బ్యాంకులో వేసేది, వాడు వాటితో కాయిన్లు కొనేవాడు.

అక్టోబరులో వాటిని మా రాజధాని నుకుఅలొఫాలో ఒక ఇనుప సామాన్ల వ్యాపారికి పంపాం. విదేశాల నుంచి రేకులు తెప్పించుకునే ఆయనకు అమెరికా డాలర్లు కావాలి, మాకు టాంగా డబ్బు, అంటే పాంగాలు కావాలి. ఆయన ఇచ్చిన పాంగాలతో మా మరిది సిమెంటు స్తంభాల మీద ఇల్లు లేపాడు. క్రిస్మస్‌కి ఫొటో పంపాడు. అది చూసి మా ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. అంతటితో ఆ కథ అయిపోయిందనుకున్నాం.

మరుసటి ఏడాది జులైలో వదినకు పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ ఆఫీసుల ఇంగ్లీషు రాదు. నేను రెండేళ్లు బళ్లో ఆయాగా చేసినదాన్ని, కారు కూడా నాదే. కాబట్టి ఆగ్నెస్ జాపియా దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మా ఊళ్లో పన్ను కాగితాలు చూసేది ఆగ్నెసే. ఇటలీ వాళ్లు, తాతల నాటి నుంచి ఇక్కడ ద్రాక్షతోటలున్నాయి. మాటలో తీపి లేదు, పనిలో తప్పు లేదు.

ఆగ్నెస్ ఉత్తరం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"కాయిన్లు అమ్మే కంపెనీలు ఎవరెంత కొన్నారో పన్ను ఆఫీసుకు చెప్తాయి. మీ పేరు మీద తొంభై రెండు వేల డాలర్ల కాయిన్లు కొన్నారు. షెడ్డులో మీ జీతం యాభై వేలు. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతున్నారు. ఇరవై ఎనిమిది రోజుల్లో చెప్పాలి."

"మావాళ్లు ఇచ్చారు," అంది వదిన.

"ఎవరు? ఎంత? కాగితం ఉందా?"

వదిన నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను.

"మీరు వాళ్ల దగ్గర కమీషను తీసుకున్నారా?"

వదిన కుర్చీలో నిటారుగా అయింది. "మా తమ్ముడి ఇల్లు కట్టడానికి నేను కమీషను తీసుకుంటానా? ఈవిడేం మాట్లాడుతోందే?"

"కోపం వద్దు. పదిమంది డబ్బు తీసుకుని దేశం దాటించడం వ్యాపారంగా చేస్తే ముందు రిజిస్టరు చేసుకోవాలి, లేకపోతే అది నేరం. కమీషను లేదు, అంతా ఒకే కుటుంబం అంటున్నారు కాబట్టి ఆ గొడవ మీకు ఉండదనుకుంటాను. ఇప్పుడు పన్ను సంగతి. మీరు కొన్నప్పటి కంటే ఇచ్చేసినప్పుడు ఆ కాయిన్ల విలువ తొమ్మిది వేల పైచిలుకు ఎక్కువ. ఆ లాభం మీద పన్నుంది."

ఇక్కడ నేను ఊరుకోలేకపోయాను. "లాభమేంటండీ? పెరగదు తరగదు అన్నాడు కదా మావాడు!"

"అమెరికా డాలరుతో చూస్తే పెరగలేదు. పన్ను కట్టేది ఆస్ట్రేలియా డాలర్లలో. ఆ తొమ్మిది నెలల్లో మన డాలరు జారింది. మెట్టు దిగినవాడికి పైన నిలబడ్డవాడు పొడుగైనట్టు కనపడతాడు చూడండి, అంతే. కాయిన్లిచ్చి పాంగాలు తీసుకున్నారంటే అమ్మినట్టే లెక్క."

ఆ లాభం మీద పన్ను పెద్ద విషయం కాదని ఆగ్నెసే అంది. అసలు ముప్పు తొంభై రెండు వేలది. ఎవరిదో చూపించలేకపోతే, అదంతా వదిన దాచిపెట్టిన సంపాదన అనుకోవచ్చు. అప్పుడు పన్నే ముప్పై వేలు దాటుతుంది, జరిమానా వేరే. వదిన దగ్గర అంత డబ్బు ఎక్కడుంది? ఉన్నది ఆ రెండు గదుల ఇల్లు.

"దారి లేదా?" అన్నాను.

"ఉంది. డబ్బిచ్చిన పదకొండు మందీ తలా ఒక ప్రమాణ పత్రం రాయాలి. ఇంత డబ్బు నాది, కలొలైనేది కాదు, ఆవిడ నా తరఫున దగ్గర పెట్టుకుంది అంతే, అని. దానితోపాటు వాళ్ల జీతంలోంచి ఆ నోట్లు తీసినట్టు బ్యాంకు కాగితాలు. అప్పుడు ఎవరి వాటా లాభం వాళ్ల లెక్కలో పడుతుంది. తలా రెండొందలో మూడొందలో కడతారు."

వదిన మొహం పాలిపోయింది. ఇల్లు పోతుందన్నప్పుడు కూడా అలా అవలేదు. ఆగ్నెస్‌కి అర్థం కాలేదు, నాకు అయింది. "ఇది నాది, నీది కాదు" అని మేనత్త గురించి కాగితం మీద రాయడమంటే మావాళ్లలో తల్లిని తిట్టినదాని కంటే ఎక్కువ. రాసినవాడు ఒళ్లు కుళ్లి చస్తాడని చిన్నప్పట్నుంచీ చెప్పి పెంచుతారు.

ఆదివారం చర్చి అయ్యాక అందరినీ తన ఇంటికి రమ్మంది. చర్చికని మర్యాదకు నడుముకు కట్టుకున్న చాపలతోనే వచ్చారు. చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పోసి వండిన పొట్లాలు పొయ్యి గుంటలోంచి తీసి వడ్డించాను. తిన్నాక వదిన చెప్పమంటే నేనే విషయమంతా చెప్పి, ఆగ్నెస్ ఇచ్చిన పత్రాలు చాప మీద పరిచాను.

ఒక్క చెయ్యి కదల్లేదు.

"నేను రాయనత్తా," అన్నాడు కిటియోనె, ఎప్పట్లాగే నేలనే చూస్తూ. "ఈ గొడవ తెచ్చింది నేను. ఆ ముప్పై వేలూ నేను కడతాను. రెండు షిఫ్టులు చేస్తా."

"నా ట్రక్కు అమ్మేస్తా," అన్నాడు ఇంకొకడు.

పిసిలా మా ఆయన పెదనాన్న మనవరాలు, ఆసుపత్రిలో వంటపని. అది ఏడుస్తూ అంది, "నీకిచ్చింది మళ్లీ నాదని ఎలా అంటానత్తా? నాకు బిడ్డ పుట్టబోతోంది."

మా ఆయన గుమ్మం అవతల కూర్చున్నాడు. మాలో అక్కాతమ్ముళ్లు ఒక గదిలో ఎదురెదురుగా కూర్చోరు. అక్కణ్ణుంచే అన్నాడు. "మా ఇంట్లో నీది కానిదేముందక్కా? అంతా నీదే."

మిగతావాళ్లంతా తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. గౌరవం గౌరవం అంటూ ఆవిడ ఇంటిని ఆవిడ కళ్లముందే వేలం వేస్తున్నారు. పన్ను ఆఫీసుకు కావాల్సిన మాట కూడా అదే కదా, అంతా నీదే అని!

నేను రక్తసంబంధం కాదు. బయటి నుంచి వచ్చిన కోడల్ని. నా ఒళ్లు కుళ్లినా ఈ ఇంటివాళ్లకు పెద్ద నష్టం లేదు. ఒక పత్రం లాక్కున్నాను.

"నా ఏడు వేల రెండొందలు నావి. చలికాలంలో తీగలు కత్తిరించి, వేళ్లు పగిలి సంపాదించుకున్నవి. ఆవిడవి కావు."

"లెసియేలీ!" అని మా ఆయన అవతల నుంచి కేక పెట్టాడు.

వదిన చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. నా వైపు తిరిగింది. "ఏమన్నావ్? ఇంకోసారి అను."

"ఆ డబ్బు నాది. నీది కాదు."

"గట్టిగా అనవే. వీళ్లకి చెవుడు."

"నాది! నీది కాదు!" అని అరిచాను. ముప్పై ఏళ్లుగా దుప్పట్లకీ కుట్టుమిషనుకీ పందికీ కలిపి అనాలనుకున్న మాట అది. అరిచాక కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడకపోగా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు.

వదిన లేచి నిలబడింది. ఆవిడ లేస్తే మిగతావాళ్లు తలలు వంచాలి, వంచారు.

"మీ దగ్గర పందులు తీసుకున్నాను. చాపలు తీసుకున్నాను. మీ పెళ్లిళ్లలో మొదటి ముక్క నేనే తిన్నాను. ఎప్పుడైనా ఒక్కడు కాదన్నాడా? ఇవాళ నాకు కావాల్సింది ఈ సంతకం. ఫాహుని, అడుగుతున్నాను. ఇవ్వరా?"

ఇవ్వకపోతే మేనత్త మాట కాదన్నట్టు, ఇస్తే మేనత్త సొమ్ము కాదన్నట్టు. పాపం, రెండు వైపులా పాపమే. చివరికి కిటియోనె జేబులోంచి పెన్ను తీశాడు. వాడి తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పిసిలా రాసే ముందు మేనత్త కాళ్లు పట్టుకుంది. వదిన దాని కడుపు మీద చెయ్యి పెట్టి, "నేను అడిగి రాయించుకున్నాను, నీ బిడ్డకేం కాదు," అంది. మా ఆయన అందరికంటే ఆఖరున, గుమ్మం అవతలే, మోకాలి మీద కాగితం పెట్టుకుని ఎంత వేశాడో నింపాడు. సోమవారం మధ్యాహ్నం పదకొండు మందిమీ మందుల షాపాయన ముందు వరసగా నిలబడి, ప్రమాణం చేసి సంతకాలు చేశాం. ప్రమాణ పత్రాలకు సాక్షిగా ఉండే హక్కు ఆయనకుంది. ఇంతమంది ఒకేసారి ఏం నేరం చేశారని ఆయన అడిగాడు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆగ్నెస్ పంపిన జవాబును పన్ను ఆఫీసు ఒప్పుకుంది. ఎవరి వాటా పన్ను వాళ్లం కట్టాం. నాకు రెండొందల పది పడింది. ఇల్లు నిలిచింది. ఇకమీదట ఎవరి కాయిన్లు వాళ్ల పేరు మీదే కొనుక్కోవాలని, కొన్న రోజు ధర, ఇచ్చిన రోజు ధర రాసిపెట్టుకోవాలని ఆగ్నెస్ మా కిటియోనెకు గట్టిగా తలంటింది. అయితే నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఆ జవాబు పంపడానికి ముందు రోజు ఆగ్నెస్ ఆఫీసులో జరిగింది చెప్పాలి.

మా పదకొండు పత్రాలూ కూడితే అరవై ఎనిమిది వేలు వచ్చింది. కొన్నది తొంభై రెండు. ఇంకా ఇరవై నాలుగు వేలు మిగిలింది.

"ఇది ఎవరిది?" అంది ఆగ్నెస్.

నిజం చెప్తాను, ఎవరో ఒకడు భయపడి తక్కువ రాశాడనుకున్నాను. వదిన వేసి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆవిడ తీసుకోవడమే చూశాను.

ఆగ్నెస్ ఆవిడ బ్యాంకు కాగితాలు వెనక్కి తిప్పి ఒక వరస మీద వేలు పెట్టింది. "జూన్‌లో ఇంటి మీద లోను తీసుకున్నారు. ఇరవై నాలుగు వేలు. నాలుగు రోజుల తర్వాత కాయిన్లు కొన్నారు."

పంతొమ్మిదేళ్లు నిలబడి నిలబడి తీర్చిన ఇంటి మీద ఆవిడ మళ్లీ అప్పు తెచ్చింది. ఏడాదిగా కంతులు కడుతోంది. మాలో ఒక్కరికీ తెలియదు.

"జూన్ నుంచి చలికాలం, షెడ్లు మూతపడ్డాయి కదే," అంది వదిన, నాకు చెప్తున్నట్టు కాకుండా బల్లకు చెప్తున్నట్టు. "కవర్లు పలచబడ్డాయి. చెక్కకి, సిమెంటుకి డబ్బంతా పోగయితేగానీ పని మొదలుపెట్టనన్నాడు మేస్త్రి."

"మమ్మల్ని అడగొచ్చు కదా వదినా!"

"అడిగితే ఇచ్చేస్తారు. పిల్లల తిండి మానిపించి ఇస్తారు. నాకు తెలీదా మీ సంగతి?"

ఆగ్నెస్ కాసేపు కాగితాలు సర్దింది. తర్వాత జవాబులో ఆఖరి వాక్యం చూపించింది. మిగిలిన ఇరవై నాలుగు వేలు నా సొంతం, దాని మీది లాభం నాదే, అని ఉంది. కింద సంతకం చెయ్యాలి.

"ఇది కూడా వాళ్లదేనని రాయకూడదా?" అంది వదిన.

"రాయకూడదు. అబద్ధమవుతుంది. ఇది మీది."

వదిన పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మా ఇళ్లలో ప్రతి వస్తువూ ఆవిడదే, ఎప్పుడూ ఆవిడదే. కానీ ఒకటి తనదని ఆవిడ తన చేత్తో రాయడం నేను చూడటం అదే మొదటిసారి. సంతకం వంకరగా వచ్చింది. పన్నెండు మందిలో అందరికంటే ఎక్కువ వేసింది ఆవిడ, ఎక్కువ పన్ను పడిందీ ఆవిడకే. నాకు సిగ్గేసింది. ఆ ఆదివారం అరిచిన అరుపు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

కారెక్కి వంతెన దాటాం.

"లోను సంగతి ఫెలెటికి చెప్పకు," అంది వదిన.

"చెప్తాను."

"ఫాహుని, చెప్పొద్దంటున్నాను."

"కాదంటున్నాను వదినా. ఇవాళే చెప్తాను. అందరం కలిసి కడతాం."

ఇంత సూటిగా ఆవిడ మాటకు నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు. తిడుతుందనుకున్నాను. ఆవిడ కిటికీలోంచి ఆకులు రాలిన ద్రాక్షతీగలను చూస్తూ ఉండిపోయింది. మా వీధి మలుపు దగ్గర నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"అయితే నెమ్మదిగా చెప్పు. వాడు ఏడుస్తాడు."